కంపు కోడిది కాదు

నా ఫోనులో మనవరాలి ఫొటోల కన్నా కోడి రెట్టల ఫొటోలే ఎక్కువ. ఉద్యోగం ముగించుకుని విజయనగరంలో హాయిగా ఇంట్లో కూర్చున్నానన్న మాటే గాని, పొద్దున్న ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకునేసరికి వాట్సాప్‌లో టింగుమని ఒకటి దిగుతుంది. ఆకుపచ్చగా ఒకటి, నురగ నురగగా ఒకటి, ఎర్ర చారతో ఒకటి. కింద "మేడమ్, ఇదేటి?" అని ప్రశ్న. మా ఆయన ఆ చప్పుడు వినగానే కుర్చీ అటు తిప్పేసుకుంటారు. "తినేటప్పుడైనా ఆపవే తల్లీ" అంటారు. ఆపను. ఆ ఫొటో పంపిన మనిషి కంగారులో ఉంటుంది. ఇడ్లీ ఎక్కడికీ పారిపోదు.

పశువైద్యురాలిగా నా సర్వీసంతా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే గడిచింది. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలిద్దరు ఇంటికొచ్చి, "మేడమ్, కాలేజీలో పెద్ద పెద్ద షెడ్ల గురించే చెప్పారు, పెరటి కోళ్ళ గురించి మీరు నాలుగు ముక్కలు రాసివ్వండి" అన్నారు. రాస్తాను. ఎప్పుడు ఏ ఊరికి బదిలీ అయ్యానో, ఏ ప్రమోషను ఎందుకు ఆగిందో మాత్రం రాయను. వాటి వల్ల నాకే ఏమీ ఒరగలేదు, మీకేం ఒరుగుతుంది?

రాయాలనుకున్నది కరుణమ్మ కోళ్ళ గూడు గురించి. నౌపడ దగ్గర ఉప్పు మడుల పక్క ఊరు ఆవిడది. కంపు భరించలేక ఊరి పెద్దలు ఆ గూడు తీసేయమన్నారు. ఆవిడకి ఆ కోళ్ళు తప్ప వేరే లోకం లేదు. అవి ఉంటాయా పోతాయా అన్నది చివరికి గూట్లో పరిచిన ఊక మీద తేలాల్సి వచ్చింది. అయితే ఆ ఊక సంగతి నాకు ఎలా ఒంటబట్టిందో ముందు చెప్పాలి. ఓపిక పట్టండి.

నన్ను కోళ్ళకి వేశారు

నేను చేరిన కొత్తలో మగ డాక్టర్లకి గేదెలు, ఎద్దులు. నాకు కోళ్ళు. మొదటి ఆఫీసరు గారు, "ఆడపిల్లవి, గేదెలతో ఏం పడతావమ్మా? కోళ్ళు చూసుకో, సుఖం" అన్నారు. ఆ సుఖం ఏమిటో ఆయన ఒక్కనాడూ చూడలేదు. తనిఖీకి వచ్చినా జీపు దిగేవారు కాదు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "గూడు బాగుందామ్మా?" అని అక్కడి నుంచే కేకేసేవారు. "బాగుందండీ" అంటే జీపు కదిలిపోయేది. కోడి ఎలా ఉందో అడిగిన పాపాన పోలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటే, జీపులోంచి కోడి కనబడదు.

తరవాత పాతపట్నం వేశారు. అక్కడి పై అధికారి అప్పలస్వామి గారు పెద్దాయన, బొబ్బిలి వైపు మనిషి, నోరు కారం. మొదటి రోజే నన్ను ఒక పెరట్లోకి తీసుకెళ్ళి, "ఈ గూడు ఎలాగున్నాదో సెప్పు" అన్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి, తల లోపలికి పెట్టి, "వాసన పెద్దగా లేదు సార్, బాగానే ఉంది" అన్నాను.

"ఏటమ్మా, నిలబడితే ఏటి తెలుస్తాది నీకు? లోపలికెల్లి కూకో."

"ఎక్కడ సార్?"

"సింహాసనం ఏయించమంటావేటి? కింద! నీ ముక్కెక్కడున్నాది, కోడి ముక్కెక్కడున్నాది? దాని ఎత్తుకి దిగు."

కొత్త చీర. ఇస్త్రీ చీర. అయినా కూర్చున్నాను. కూర్చున్న మరుక్షణం కళ్ళు భగ్గుమన్నాయి, గొంతు పట్టేసింది. నిలబడితే తెలియని అమ్మోనియా నేలకి జానెడు ఎత్తులో మడ్డిలా పేరుకుని ఉంది. కోడి రాత్రంతా ఆ గాలే పీలుస్తుంది. మర్నాడు అది దగ్గితే మనం వెళ్ళి సూది పొడుస్తాం. ఆయన నా మొహం చూసి నవ్వి, ఊక గుప్పెడు తీసి నా చేతిలో పెట్టారు. "పిండు" అన్నారు. పిండాను. లడ్డూలా ముద్ద కట్టింది.

"ముద్ద కట్టినాదంటే తడి ఉన్నాదని. పిడికిలి ఇప్పేసరికి దుమ్ములాగ ఎగిరిపోతే మరీ ఎండిపోనాదని. పిండితే కాస్త నిలబడి, ఏలు తగిలితే ఇడిపోవాల. అదీ కోడికి పడకంటే. ఇంక నీకు ఏ మిషనూ అక్కర్లేదు" అన్నారు.

నా సర్వీసు మొత్తంలో అంత విలువైన పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. ఆ చీర మరి కట్టలేకపోయాను, అది వేరే సంగతి.

కడిగిందే తప్పు

పాతపట్నంలోనే నీలవేణమ్మ అని ఒక ఇల్లాలు ఉండేది. అంత శుభ్రమైన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. తెల్లారేసరికి వాకిట్లో కళ్ళాపి, అదే బకెట్టుతో కోళ్ళ గూట్లో కూడా కళ్ళాపి, చీపురుతో బరబరా కడుగుడు. ఆ గూడు నేల చూస్తే అద్దం. కోళ్ళు చూస్తే ఒకటి కుంటుతుంది, ఒకటి గురకపెడుతుంది, అన్నిటి అరికాళ్ళలోనూ పుళ్ళు.

"గూడు కడగడం మానెయ్యమ్మా" అన్నాను. ఆవిడకి ఎక్కడ లేని కోపం వచ్చింది.

"నా ఇంట్లో నేల మీద గింజ పడితే ఏరుకుని తినీయొచ్చు. నాకు నువ్వు సుబ్బరం నేర్పుతావేటి? కోడి పెంట అలా ఉంచీమంటావా? సీ!"

ఉంచమన్నాను. ఊక కింద ఉంచమన్నాను. ఈ ఒక్క సంగతి మన ఆడవాళ్ళకి చెప్పడం అన్నిటికన్నా కష్టం. కడగడమే శుభ్రం అని పుట్టినప్పటి నుంచీ నేర్చుకున్నాం. కోడి రెట్ట పొడి ఊకలో పడితే, ఊక దాని తడిని పీల్చుకుంటుంది. కోళ్ళు కాళ్ళతో గీరి కలిపేస్తాయి. నెమ్మదిగా అది మట్టిగా మారిపోతుంది, వాసన ఉండదు. అదే రెట్ట మీద నీళ్ళు పడ్డాయా, ఊరంతా తెలుస్తుంది. కంపు కోడిది కాదు, నీటిది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఈవిడ రోజూ అడుసు తనే చేసి, దాన్నే కడుగుతోంది.

నా మాట విని కాదు గాని, ఆవిడ పుట్టింటికి వెళ్ళినప్పుడు వాళ్ళాయన బద్ధకించి గూడు కడగలేదు. ఊక పోసి ఊరుకున్నాడు. ఆవిడ తిరిగొచ్చేసరికి గురక తగ్గింది. ఆ ఘనత మొగుడికి ఇవ్వడం ఇష్టం లేక నాకు ఇచ్చింది. నేను కాదనలేదు.

మందిరం గోడ

ఇప్పుడు కరుణమ్మ దగ్గరికి వస్తాను. ఇది నా సర్వీసు చివరి ఏళ్ళలోని మాట.

ఆ ఊళ్ళో మిషను రోజుల నాటి పెంకుల ప్రార్థన మందిరం ఒకటి ఉంది. దాని వెనక గోడకి ఆనుకుని కరుణమ్మ పెరడు. గాలివానకి పడిపోని గోడ ఊరు మొత్తానికి అదొక్కటే అని, ఆవిడ మొగుడు యోహాను కోళ్ళ గూడు దానికే చేర్చి కట్టాడు. గూటికి సరిగ్గా పైన మందిరం కిటికీ. ఆ కిటికీ పక్కన, లోపల ముందు వరసలో, సంఘ పెద్ద ఆశీర్వాదం మాస్టారి కుర్చీ. ఇంక చెప్పేదేముంది.

ఆ ఏడు వానలు పడ్డాక కంపు పట్టలేకపోయారు. పాటలు పాడే పిల్లలు ముక్కులు మూసుకుని పాడుతున్నారు. మాస్టారే నాకు ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్ళాను.

"కరుణమ్మ మీద మాకు కోపం లేదు డాక్టరుగారూ" అన్నారాయన. "మా సంఘం మనిషే. కానీ ప్రార్థనలో కూకుంటే కళ్ళంట నీళ్ళు కారిపోతన్నాయి. పాస్టరుగారు సూసి పశ్చాత్తాపం అనుకుంటన్నారు. కాదు కదా! కోతల పండగ దాకా సూస్తాం. అప్పటికీ ఇలాగే ఉంటే గూడు తీసీవలిసిందే. పెద్దలందరం అనుకున్నాం."

కోతల పండగంటే పంట ఇంటికొచ్చాక మందిరంలో చేసే కృతజ్ఞత పండగ. దానికింకా నెలలు ఉన్నాయి.

పెరట్లోకి వెళ్ళాను. కరుణమ్మ గోడకి చేరబడి, ఒక కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఆవిడా ఒకప్పుడు ఉప్పు మడుల్లో పనిచేసిన మనిషే. ఉప్పు లాగీ లాగీ మోకాళ్ళు పోయాయి. నన్ను చూడగానే లేవబోయి లేవలేక చెయ్యి పట్టుకుంది.

"అమ్మగోరూ, ఎలాగోలా నా కోళ్ళని నిలబెట్టండి. మడిలో దిగనేను, మోకాలు మడవదు. ఊరికే కూకున్న ముసిల్దాన్ని ఎవులు పలకరిస్తారు సెప్పండి? కోళ్ళున్నాయి గాబట్టి ఊరోళ్ళు నా గుమ్మంలోకొస్తన్నారు. గుడ్లకొకరు, గుడ్లు పొదగెయ్యమని ఒకరు, కోడిపిల్లకి జబ్బు సేసినాదని ఒకరు. ఇవి పోతే నాను ఉన్నా ఒకటే, నేకపోయినా ఒకటే."

ఆవిడ చెయ్యి వెంటనే వదిలించుకోలేకపోయాను. పైకి మాత్రం, "ముందు గూడు చూడనీ" అన్నాను విసుగ్గా. విసుగు నాకు బాగా పనికొచ్చే ముసుగు.

కూర్చున్నాను, కళ్ళు మండాయి, పిండాను, ముద్ద కట్టింది. అందరికీ చెప్పేదే చెప్పాను. పాతదంతా ఎత్తి పారెయ్, నేల మీద పొడి సున్నం చల్లు, దాని మీద బెత్తెడు మందాన కొత్త ఊక పొయ్యి, నీళ్ళు గూట్లో ఒలకనీకు. అన్నిటికీ "అలాగేనమ్మా" అంది. యోహాను ఆ వారమే రైసుమిల్లు నుంచి ఊక బస్తాలు తెచ్చి పోశాడు.

కొన్నాళ్ళకి వెళ్ళి చూద్దును కదా, మునుపటి కన్నా అధ్వానం! కొత్త ఊక బురదయిపోయింది. మూలల్లో తెల్లగా ఉంది. సున్నం వేసిందిలే అనుకున్నాను. రెట్టలు నీళ్ళ నీళ్ళగా ఉన్నాయి. వానాకాలం కదా, కడుపులో తెగులేమో అని మందిచ్చాను. మందు పని చెయ్యలేదు. చిన్న కోడిపిల్లలు కొన్ని చచ్చిపోయాయి కూడా. కప్పు చూశాను, కారడం లేదు. నీళ్ళ కుండ చూశాను, బయటే ఉంది. మరి ఈ తడి ఎక్కడి నుంచి వస్తోంది? ఆకాశం నుంచి కాదు, కుండ నుంచి కాదు, నేల నుంచి ఊరుతోందా?

మాస్టారు కిటికీలోంచి నన్ను చూసి రెక్కలు మూసేసుకున్నారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. కరుణమ్మ మొహం వాడిపోయింది.

సున్నానికి మూలలుండవు

ఆ రాత్రి నాకు మనసు మనసులో లేదు. మర్నాడు పొద్దున్నే పాసింజరు ఎక్కి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాను. ఎవరికీ ఏమీ చెప్పకుండా, గూడు పక్కన రాయి మీద కూర్చుని కోళ్ళని చూస్తూ ఉన్నాను.

ఒకటి కనబడింది. కోళ్ళు నీళ్ళ కుండ వదలడం లేదు. తాగడం, పక్కకి పోవడం, మళ్ళీ వచ్చి తాగడం. ఎండ కూడా లేదు, అంత దాహం దేనికి? లోపలికి వెళ్ళి గుప్పెడు ఊక తీసి పిండాను. ముద్ద కట్టింది సరే, లోపల ఏదో కరకరమంది. అరచెయ్యి విప్పి, ముద్ద విడదీసి వెలుతురులో పెట్టాను. తెల్లటి గింజ ఒకటి మెరిసింది. నాలుగు పలకలుగా ఉంది.

సున్నానికి మూలలుండవు.

సరిగ్గా అప్పుడే కరుణమ్మ కొబ్బరి చిప్పలో ఏదో పట్టుకుని, కాలీడ్చుకుంటూ వచ్చింది. గూట్లోకి చెయ్యి పెట్టి చారులో వేసినంత మామూలుగా చల్లేసింది.

"ఏమిటమ్మా అది?"

"ఏదమ్మా?"

"నీ చేతిలోది!"

"ఇదేటి? ఉప్పు."

"గూట్లో ఉప్పు వేస్తున్నావా? మరి ఇన్నాళ్ళూ నాతో చెప్పలేదేం?"

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. "ఊకేసినావా, సున్నం ఏసినావా, మందేసినావా అనడిగినారు గాని, ఉప్పేసినావా అని మీరు అడగనేదు కదా అమ్మగోరూ. కూరలో ఉప్పేసినానని ఎవులైనా పనిగట్టుకుని సెప్తారేటి?"

నిజమే. ఉప్పు మడుల ఊళ్ళో ఉప్పు వెయ్యడం ఒక పని కిందికి రాదు. చేప తెచ్చినా ఉప్పే, మామిడికాయ కోసినా ఉప్పే, దేనికి పురుగు పట్టినా ఉప్పే, ఏది కుళ్ళుతుందనిపించినా ఉప్పే. మడి అడుగున మిగిలిపోయిన మట్టి ఉప్పు ప్రతి ఇంటి వెనకా కుప్పగా ఉంటుంది. యోహాను కూడా లోపలి నుంచి వచ్చాడు. అతనికి నా ఆశ్చర్యం చూస్తే ఆశ్చర్యంగా ఉంది.

"సేపకి ఉప్పేస్తే నీరు దిగిపోయి ఎండుతాది కదమ్మా. పెంటకి మాత్రం ఎందుకు ఎండదు?"

"ఉప్పేసిన చేపని ఎక్కడ పెడతావయ్యా?"

"తడిక మీద. ఎండలో."

"దాని నీరు ఏమవుతుంది?"

"కారిపోద్ది."

"ఈ గూట్లో నీరు ఎక్కడికి కారుతుంది? ఎండేదీ? సరే, అది వదిలెయ్. వానల్లో మీ ఇంట్లో ఉప్పు కుండ ఎలా ఉంటుంది?"

"సెమరుస్తాది. అడుగున నీళ్ళు..." అంటూ ఆగిపోయాడు.

కరుణమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓలమ్మో! ఎవులైనా కంపన్నప్పుడల్లా ఇంకో సిప్ప ఏసినాను కదమ్మా! మాస్టారు దగ్గినప్పుడల్లా ఏసినాను!"

అదీ సంగతి. కంపు అన్నారని ఉప్పు, ఉప్పుకి తడి, తడికి కంపు. మట్టి ఉప్పు మరీ గాలిలో తేమని లాగేస్తుంది. అది చాలనట్టు, కోళ్ళు ఆ పలుకుల్ని రాళ్ళనుకుని ఏరుకుని మింగుతున్నాయి. మింగిన కోడి నీళ్ళు తాగుతుంది, తాగిన నీళ్ళన్నీ కిందికి వదులుతుంది. చిన్న కోడిపిల్లలు ఆ ఉప్పుకి తట్టుకోలేక చచ్చిపోయాయి. అది తెగులు కాదు.

యోహాను నీళ్ళ కుండ దగ్గర మూగిన కోళ్ళని చూపించాడు. "ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగక మానడంటారు. కోడికీ అంతేనా అమ్మగోరూ?" అన్నాడు. నవ్వొచ్చింది గాని, అతని మొహం చూసి నవ్వలేదు. చచ్చిపోయిన కోడిపిల్లలు గుర్తొచ్చి అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలకి ఇక్కడొక మాట. "ఏమేమి వేస్తున్నారు?" అని అడిగితే, మనం వినాలనుకుంటున్నామని వాళ్ళు అనుకున్నవే చెప్తారు. అబద్ధం చెప్పరు. రోజూ చేసే పని వాళ్ళకి పనిగా కనబడదు, అంతే. వెళ్ళి ఒక పూట ఊరికే కూర్చోండి. టీ ఇస్తే తాగండి. నోరు మూసుకుని చూడండి. నా మటుకు నాకు ఆ నోరు మూసుకోవడమే కష్టంగా ఉండేది.

కొత్త పడక

ఆ గూట్లో ఉన్నదంతా ఎత్తేయించాను. ఉప్పు పట్టిన ఆ పెంట మొక్కలకి వేస్తే మొక్కలు మాడిపోతాయి, అందుకని ఏమీ పండని చవుడు నేలలో పారబోయించాను. పైమట్టి కూడా గీకించాను. కొత్త ఇసుక పోసి నేల ఎత్తు చేశాం. యోహాను దగ్గర్లో ఉందని సముద్రం ఇసుక తేబోయాడు. "నీకు ఉప్పు మీద ఇంకా మోజు తీరలేదా?" అని కసిరితే, వెనక్కి తిరిగి ఏటి ఇసుక తెచ్చాడు.

దాని మీద ఊక, ఊకలో కలిపి సరుగుడు ఆకు. సరుగుడు తోటల కింద ఆ ఎండాకు ఎంత కావాలంటే అంత దొరుకుతుంది. అట్టకట్టకుండా గుల్లగా ఉంటుంది. మీ ఊళ్ళో సరుగుడు లేకపోతే వేరుశనగ పొట్టు వాడుకోండి, రంపం పొట్టయితే పొడిగా ఉన్నదే వాడండి. ఊరికి ఏది దండిగా దొరికితే అదే మంచి పడక. పుస్తకంలో ఉన్న దాని కోసం ఊళ్ళు తిరగక్కర్లేదు.

కోడి రాత్రిళ్ళు కర్ర మీద కూర్చుని రెట్ట వేస్తుంది. ఎక్కువ భాగం ఆ కర్ర కిందే పడుతుంది. అక్కడొక పాత గోనెపట్టా పరిపించాను. పొద్దున్న మడిచి తీసుకెళ్ళి, పెరటి చివర నీడలో ఎండాకుతో కలిపి మాగడానికి కుప్ప పెట్టడమే. ఇంక ఊకని తిరగెయ్యాలి. కరుణమ్మ వంగలేదు. అందుకని సాయంత్రం పూట గుప్పెడు నూకలు ఊకలోకి విసరమన్నాను. కోళ్ళు వాటి కోసం గీరి గీరి మొత్తం వాటంతటవే తిరగేశాయి. ఆవిడ గోడకి చేరబడి కూర్చుని, "ఇవి నాకు పనోళ్ళయిపోనాయి" అని మురిసిపోయింది.

మధ్యలో ఒక గాలివాన వచ్చి జల్లు లోపలికి కొట్టింది. ఫోన్ మోగింది.

"అమ్మగోరూ, ఒక మూల తడిసిపోనాది. సెయ్యి దురదేస్తన్నాది, ఉప్పేసీమంటన్నాది!"

"చెయ్యి కట్టేసుకో! తడిసిన ఊక తీసెయ్, పొడి ఊక పొయ్యి. అంతే!"

తడిసింది తియ్యడం, పొడిది వెయ్యడం. ఈ ఉద్యోగంలో నేను చెప్పిన వైద్యంలో సగం అదే. అది చెప్పడానికి అంత చదువు ఎందుకని మా ఆయన అంటారు. చదువుకున్నాక కూడా అంత చిన్న మాట చెప్పడానికి సిగ్గుపడకుండా ఉండడానికండీ అంటాను.

కోతల పండగ

పండగకి నన్నూ పిలిచారు. నేను దణ్ణం పెట్టుకునేది మా విజయనగరం అమ్మవారు పైడిమాంబకి, అయినా వెళ్ళాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను? ఆ రోజే కదా తేలేది. ఆడవాళ్ళ వైపు వెనక చాప మీద కరుణమ్మ పక్కన కూర్చున్నాను.  

బల్ల ముందు కానుకలు పేర్చి ఉన్నాయి. గుమ్మడికాయలు, అరటి గెలలు, కొత్త బియ్యం, కొబ్బరికాయలు, చెరుకు గడలు. కరుణమ్మ కూడా పొద్దున్నే యోహాను చేత ఒక బుట్ట పెట్టించింది. మీద అరిటాకు కప్పి ఉంది. "గుడ్లా?" అని అడిగితే, "సూద్దురు గాని" అంది.

పాస్టరుగారి ప్రసంగం సగం అయ్యాక చూశాను. మాస్టారి పక్క కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. గాలి అటు నుంచే వస్తోంది. పిల్లలు ముక్కు పట్టుకోకుండా పాడుతున్నారు. మాస్టారు కళ్ళు మూసుకుని, తీరిగ్గా తల ఊపుతున్నారు. కంపు సంగతి ఎవరికీ గుర్తే లేదు. గూడు వాసన పోయిందని ఎవరైనా అంటారేమో అని చూశాను. లేని వాసన గురించి ఎవరూ మాట్లాడరు కదా. అదే నాకు భయం వేసింది. కంపు సంగతి అందరూ మరిచిపోయినా, గూడు తీసెయ్యాలని పెద్దలు అనుకున్న మాట మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఆరాధన అయ్యాక కానుకలు వేలం వెయ్యడం అక్కడి ఆనవాయితీ. వేలం పాట పెట్టేది మాస్టారే. గుమ్మడికాయ ఎత్తి జోకు వేశారు, అరటి గెల ఎత్తి ఇంకో జోకు వేశారు. ఆఖర్న అరిటాకు తీసి ఆ బుట్ట చూశారు. లోపల నల్లగా, పొడిపొడిగా ఉంది.

"ఇదేటిది? మట్టి తెచ్చినారేటి దేవుడికి?"

 ఆయన గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. పెట్టుకుని ఊరుకోక, ఇంకోసారి పీల్చారు. ఆయనకి పెరట్లో వంగ తోట ఉంది, దాన్ని చూసి ఊరంతా కుళ్ళుకుంటారు.

"అబ్బ! తొలకరికి తోట వాసనేసినట్టున్నాది. మొక్కలకెయ్యడానికి ఇలాంటి గెత్తం ఎక్కడా దొరకదు. ఎవులూ పాడకండి. ఇది నాదే, నానే పాడుకుంటాను!" అన్నారు. బుట్ట రెండు చేతులా ఎత్తి గుండెకి ఆనించుకున్నారు. "ఇంతకీ ఏ తోటదిది? ఎవులు తెచ్చినారు?"

కరుణమ్మ నా భుజం పట్టుకుని, మోకాలి మీద చెయ్యి వేసుకుని, నెమ్మదిగా లేచింది. మందిరం అంతా వెనక్కి తిరిగి చూసింది.

"తోటది కాదు మాస్టారూ. మీ ఎనకాల కిటికీ కిందది."

మాస్టారు కిటికీ వైపు తిరిగారు. బయట ఒక పెట్ట గుడ్డు పెట్టి, ఊరంతా వినేలా అరుస్తోంది. ఆయన ఆ కిటికీ వైపు చూశారు, బుట్ట వైపు చూశారు. ముందు పిల్లలు నవ్వారు, తరవాత పాస్టరుగారు నవ్వారు, ఆ తరవాత ఎవరూ ఆగలేదు. మాస్టారు మాత్రం నవ్వలేదు, బుట్టా దించలేదు. గొంతు సవరించుకున్నారు.

"ఇలాంటిది ఇంకో బుట్ట ఉంటాదేటి కరుణమ్మా?"

"కోళ్ళుంటే ఉంటాదండి."

 నా భుజం మీద ఆవిడ వేళ్ళు గుచ్చుకుంటున్నాయి. మాస్టారు సంఘ పెద్దలు కూర్చున్న వరస వైపు ఒకసారి చూశారు. వాళ్ళెవరూ తల ఎత్తలేదు.

"ఉండనీ" అన్నారాయన.

కరుణమ్మ కూర్చోలేదు. మోకాలు నొప్పెడుతున్నా అలాగే నిలబడి ఉంది.